పన్నెండో నెంబరు చోటు

బేరమాడకుండా బెండకాయ కూడా కొనని ఇంట్లో పుట్టినవాడికి కంప్యూటరు అప్పజెబితే ఏం చేస్తాడు? దానితోనూ బేరమాడతాడు. నేను ఆడాను. గెలిచానని కూడా అనుకున్నాను. నా గెలుపు పుణ్యమా అని కుప్పంలో ఒకామె ఉద్యోగం ఊడబోయింది. మీరంతా నాకంటే బాగా చదువుకున్న పిల్లలు. మీ ప్రోగ్రాం మెమరీలో ఎక్కడ కూర్చుంటుందో మీరు అడగరు, అది మీకు చెప్పనూ చెప్పదు. మా కాలంలో అడగాల్సి వచ్చేది. నేను అడగలేదు.

ఎనభైల చివరి సంగతి. మదనపల్లెలో బస్టాండుకు కొంచెం ఇవతల, పాత టైర్లకు రబ్బరు అతికే అంగడి మీద రెండు గదుల్లో మా ఆఫీసు. మా ఓనరు, నేను, ఒక కంప్యూటరు. కాలిన రబ్బరు వాసన పీలుస్తూ ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఇప్పటికీ పంచరు అంగడి ముందు నిలబడితే నాకు ఏదో సరిదిద్దాల్సింది మిగిలిపోయినట్టు ఉంటుంది.

పట్టురైతుల సంఘం ఒకటి మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్లలోనూ పట్టుగూళ్ల మార్కెట్లు నడిపేది. గూళ్లు తెచ్చిన రైతుకు వాకిట్లోనే ఒక చీటీ ఇవ్వాలి. పేరు, లాటు నెంబరు, ఏ వరసలో తట్టలు దించుకోవాలి, వేలానికి ఎన్నింటికి పిలుస్తారు, ఇవి అందులో ఉండాలి. చేత్తో రాసిన చీటీలు రాసినవాళ్లకే అర్థమయ్యేవి కావు. పిలుపు తప్పిన రైతు మర్నాటిదాకా ఆగాలి. ఆగితే ఏం పోయింది అనకండి. రైతు ఆగుతాడు, గూటిలో పురుగు ఆగదు. దానికి రెక్కలొచ్చి గూడు చిల్లి చేసుకుని బయటపడిందంటే దారం వరసగా రాదు, ఆ గూడు వైపు కొనేవాడు తిరిగి చూడడు.

అందుకని తెలుగులో చక్కగా అచ్చయ్యే చీటీల ప్రోగ్రాం రాసిస్తామని ఒప్పుకున్నాం. ఒప్పుకున్నది నోరు, ఆ నోరు నాది. "అంతా ఒక్క ఫ్లాపీలో పెట్టిస్తాం. పొద్దున్నే ఫ్లాపీ దూర్చి మీట నొక్కడమే" అని సంఘం వాళ్లకు చెప్పేశాను. అప్పటి ఆ కంప్యూటర్లకు లోపల డిస్కు ఉండేది కాదు, ఫ్లాపీలు దూర్చే అరలు రెండు ఉండేవి. కంప్యూటరును నిద్రలేపే సరంజామా, నా ప్రోగ్రాం, తెలుగు అక్షరాల బొమ్మలు, ఇవన్నీ ఆ ఒక్క పల్చటి ఫ్లాపీలో ఇమడాలి. చివరికి మూడు కిలోబైట్లు చాలలేదు. ఇవాళ మీ ఫోనులో ఒక నవ్వు బొమ్మకు అంతకంటే ఎక్కువ పడుతుంది.

"రెండు ఫ్లాపీలు చేద్దాంలేప్పా" అన్నాడు మా ఓనరు.

"ఒకటని చెప్పినాను. అంగడోడు చెప్పినాక తిప్పుకుంటే ఇంకెవురు నమ్ముతారు?" అన్నాను.

ఇక మూడు కిలోబైట్ల కోసం ఫైలు మొత్తం గాలించాను. ఏ అక్షరాన్ని తీద్దామన్నా నా తెలుగు పౌరుషం అడ్డం వచ్చింది. తుదకు నా కన్ను ప్రోగ్రాం ఫైలు మొదట్లో ఉన్న ఒక పట్టీ మీద పడింది. ఎనిమిది వందలకు పైగా పద్దులు, ఒక్కోటి నాలుగేసి బైట్లు. లెక్కవేస్తే సరిగ్గా నాకు కావలసినంత. రిలోకేషన్ పట్టీ అంటారు దాన్ని. ప్రోగ్రాంను మెమరీలోకి ఎక్కించేటప్పుడు కంప్యూటరు ఈ పట్టీ చూసి కొన్ని చిరునామాలు సవరించుకుంటుందని పుస్తకంలో ఒక పేరా ఉంది. ఆ పేరా చదివాను. చదివి బేరం మొదలుపెట్టాను.

మా కంప్యూటర్లో ప్రోగ్రాం ప్రతిసారీ ఎక్కడ కూర్చుంటుందో చూశాను. అదే చోటు. ఆపి, మళ్లీ లేపి చూశాను. అదే చోటు. పదిసార్లు చూశాను. రోజూ ఒకే కుర్చీలో కూర్చునే పెద్దమనిషికి రోజూ కుర్చీ నెంబరు రాసివ్వడం ఎందుకు? అంచేత ప్రోగ్రాంను మెమరీలోకి ఎక్కనిచ్చి, చిరునామాలన్నీ సవరణ అయిపోయాక, ఆ సవరించిన రూపాన్నే తీసి ఫ్లాపీ మీద రాసేశాను. పట్టీని కోసి పారేసి, ఎన్ని సవరణలు అన్నచోట సున్నా పెట్టాను. ఫ్లాపీలో అంతా ఇమిడిపోయింది.

"ఏం మాయ సేసినావప్పా?" అన్నాడు ఓనరు.

"మాయ గాదన్నా, బేరం" అన్నాను.

మదనపల్లె మార్కెట్లో నేనే పోయి పెట్టాను. బ్రహ్మాండంగా ఉంది. పుంగనూరులోనూ నేనే పెట్టాను, అక్కడా అంతే. కుప్పానికి మాత్రం దూరమని ఫ్లాపీని అట్టల మధ్య పెట్టి బస్సు కండక్టరుకిచ్చి పంపాను. మూడో రోజు కుప్పం నుంచి ట్రంకు కాలు వచ్చింది. అవతల అక్కడి ఆపరేటరమ్మ. కొత్తగా చేరింది, ఇంకా టెంపరరీ.

"సార్, మీ ప్రోగ్రాం తమిళంలో మాట్లాడతాండాది."

"ఏంటమ్మా?"

"మొదటి తెర బాగా వస్తాది సార్. ఏదో ఒక మీట నొక్కినామంటే, ప్రింటరు అదంతకదే ఒక వరస తమిళ అక్షరాలు కొట్టి బిగుసుకుపోతాది. మళ్లా ఏం నొక్కినా ఉలకదు, పలకదు."

"తమిళంలో ఏం రాసుండాది?"

"సదివితే అర్థమే రాదు సార్. అక్షరాలే గానీ మాటలు గాదు. తాగినోడు మాట్లాడినట్లుండాది."

నా ప్రోగ్రాంలో ఒక్క తమిళ అక్షరం లేదు. నేను చెప్పగలిగింది ఒకటే, అదే చెప్పాను. "ఈడ బాగుండాది. పుంగనూర్లోనూ బాగుండాది. నువ్వే ఏందో నొక్కింటావు, సూసుకో" అని ఫోను పెట్టేశాను. సరుకు తిరిగి తెచ్చిన గిరాకీతో మా బజారులో మొదట చెప్పే మాట అదే. తప్పు సరుకుది కాదు, వాడకానిది.

మర్నాడు మళ్లీ ఆమే. ఈసారి చేతిలో నోటుపుస్తకం ఉన్నట్టుంది, వరసగా చదివింది. కుప్పం మార్కెట్టుకు తమిళం వైపు నుంచి, కన్నడం వైపు నుంచి కూడా రైతులు గూళ్లు తెస్తారు. కన్నడం వాళ్లు తెలుగు అక్షరాలు ఎలాగో కూడబలుక్కుంటారు, తమిళం వైపు వాళ్లు తెలుగు చీటీ చదవలేరు. అందుకని ఆమె పొద్దున్నే ముందుగా, ప్రింటరుతోబాటు వచ్చిన ఒక తమిళ అక్షరాల ప్రోగ్రాంను ఎక్కిస్తుంది. అది మెమరీలో కూర్చుని ఉండిపోతుంది, మధ్యలో పిలిస్తే టైపు చేసిన మాటను తమిళంలో అచ్చు వేస్తుంది. ఆ తర్వాత మాది ఎక్కిస్తుంది.

"తమిళం ఎక్కించకుండా మీదొక్కటే పెడితే బాగుండాది సార్. ఆరు తూర్లు సూసినా. తమిళం ఉంటే మీది పడిపోతాది, లేకుంటే నిలబడతాది."

ఇంత పని ఆమె చేసి పెట్టింది. నేనేమన్నానో వినండి.

"అయితే తమిళం వదిలెయ్."

"వదిలేస్తే ఆ రైతుల్ని ఎవురు పిలస్తారు సార్? నిన్న ఒగాయప్ప చీటీ పట్టుకోని సాయంత్రం దాకా నిలబడినాడు. పిలుపు అయిపోయింది ఆయప్పకు తెలియనే లేదు."

అంతలో ఫోను చేతులు మారింది. ఆ మార్కెట్టు సూపరింటెండెంటు గారు. ఆయన మాట సూటిగా ఉండేది. "ఈయమ్మ ఎవురిదో ప్రోగ్రాము ఎక్కించి మిషను చెడగొట్టింది. రెండూర్లలో బాగుండేది ఈడ మాత్రం యాల చెడిపోతాది? మీరొకతూరి వచ్చి సూసి, తప్పు ఆపరేటరుదని కాయితం రాసియ్యండి. ఆయమ్మను తీసేసి ఇంకొకర్ని పెట్టుకుంటాము."

ఓనరుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, అంగడి ఉన్నవాడు. "రాసిచ్చేసి రాప్పా. మన ప్రోగ్రాం మంచిదని గూడా కాయితంలో పడతాది" అన్నాడు. మా ఆఫీసు కాయితాల కట్ట సంచిలో పెట్టుకున్నాను. అలవాటు కొద్దీ పాత ఫ్లాపీలన్నీ, పట్టీ కోయకముందు ప్రోగ్రాం ఉన్నది కూడా, సంచిలో వేసుకుని పొద్దున్నే బస్సెక్కాను.

పుంగనూరులో బస్సు మారాలి, ఆ రోజు అక్కడ సంత. పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సుకు గంట టైముంది. మా నాయన మదనపల్లెలో తాళాల అంగడి నడుపుతూ, పుంగనూరు సంతకు వారం వారం పోయేవాడు. చూసిపోదామని పోయాను. ఎప్పుడూ ఉండే చోట లేడు. వెతికితే సంత అవతలి కొసన, పెట్టె మూత తెరిచి, రేకు పలకల మీద సుద్దతో నెంబర్లు రాస్తున్నాడు.

ఈ పలకల సంగతి మీకు చెప్పాలి. సంతలో మాకు మూడు చోట్లు ఉండేవి. నాయన తాళాలమ్మేవాడు. రెండు చోట్ల తర్వాత చిన్నాయన గొళ్లాలు, బందులు. అయిదు చోట్ల తర్వాత పెదనాయన బావి గొలుసులు. మధ్యలో ఎవరెవరో. పొద్దున సంత గుత్తదారు మా నాయన చేతికి ఒక రేకు బిళ్ల ఇస్తాడు. దాని మీద ఉన్న నెంబరు నాయన చోటు. మిగతా ఇద్దరి చోట్లు అక్కడినుంచి లెక్క. "గొళ్లాలు కావాలంటే ఫలానా నెంబరుకు పోండి" అని సంత నాలుగు మూలలా పలకలు తగిలించేవాళ్లం. నాయన పలకల వెనక శాశ్వతంగా రెండు, అయిదు అని చిన్నగా రాసి ఉండేది. తనది సున్నా అనుకుని వేసిన లెక్క అది. ముందు వైపు మాత్రం ఖాళీ. బిళ్ల చేతికి రాగానే దాని నెంబరు కలిపి సుద్దతో రాసేవాడు. ఏ పలకల్లో నెంబరు రాయాలో పెట్టె మూత లోపల జాబితా ఉండేది. "మా అంగడి వెనకనే తూకం" లాంటి పలకలకు ఏమీ రాయనక్కరలేదు, అవి ఎక్కడ దిగినా నిజమే. జాబితాలో అవి ఉండవు.

నేను కాలేజీ చదువు అయ్యి ఖాళీగా ఉన్నప్పుడు నాయనతో సంతకు పోయేవాణ్ణి. చాలా వారాలు వరసగా మాకు పన్నెండో చోటే వచ్చింది. వారం వారం సుద్ద ఎందుకని పలకల మీద ఎనామెల్ పెయింటుతో పద్నాలుగు, పదిహేడు అని దర్జాగా రాసేశాను. పెట్టె మూతలో జాబితాను తుడిచి అక్కడ నా పేరు రాసుకున్నాను. ఆ తర్వాతి సంతకే మాకు ముప్పై ఒకటో చోటు వచ్చింది. గొళ్లెం కోసం పద్నాలుగుకు పోయిన రైతు చెయ్యి పట్టుకుని అక్కడి గాజులామె కొలత చూసిందట. మా చిన్నాయన ఆ రోజంతా ఈగలు తోలుకున్నాడు.

అదంతా ఆ రోజు నాకు గుర్తు లేదు. నాయన సుద్ద పట్టుకుని కూర్చుంటే కూడా గుర్తుకు రాలేదు. కుప్పం గొడవ చెప్పాను, ఆయనకు కంప్యూటరు అంటే ఏమిటో తెలియకపోయినా.

"మన ప్రోగ్రాం ఎప్పుడూ ఒక్క చోటే కూర్చుంటాది నాయనా. అంచేత చిరునామాలన్నీ ఒక్కసారే రాసి పెట్టేసినా. ఆయమ్మ మాత్రం దానికంటే ముందు ఇంకోదాన్ని కూర్చోబెడతాండాది."

నాయన సుద్ద కింద పెట్టాడు. "అంటే మీదానికి ముప్పై ఒకటో చోటు వచ్చింది."

"ఆఁ... ఏమి?"

"ఏమి అంటావేమిరా! అప్పుడూ పెయింటే, ఇప్పుడూ పెయింటే! జాబితా తుడిస్తివా?"

నేను పెట్టె మూత వైపు చూశాను.

"తుడిసినాడు! ఒరే, నీకు సదువు సెప్పించింది పెయింటు డబ్బా మార్చుకునేదానికా? పన్నెండో నెంబర్లో ఇప్పుడు ఎవురుండారు?"

"తమిళ అక్షరాలు" అన్నాను. అంటూనే ప్రింటరు తాగినవాడిలా ఎందుకు మాట్లాడిందో అర్థమైంది. నా ప్రోగ్రాం గొళ్లెం కోసం పద్నాలుగుకు పోయింది. అక్కడ గాజులామె ఉంది.

పలమనేరు దాకా కిటికీ పక్కన కూర్చుని, ఆ పుస్తకంలోని పేరాను మనసులో మళ్లీ చదువుకున్నాను. ఈసారి ప్రతి మాటా సుద్దలా కనిపించింది. నా ప్రోగ్రాం ఒక్క ముక్కగా పుట్టలేదు. చీటీ రాసే ముక్క, అక్షరాలు గీసే ముక్క, ప్రింటరుకు పంపే ముక్క వేరువేరుగా తయారయ్యాయి. వీటిని ఆబ్జెక్ట్ ఫైళ్లు అంటారు. ప్రతి ముక్కా సంతలో మొదటి చోటు తనదే అనుకుని సున్నా నుంచి లెక్క పెట్టుకుంటుంది. తనకు తెలియనివి ఎక్కడెక్కడ ఖాళీ వదిలిందో పక్కన ఒక జాబితా రాసుకుంటుంది. లింకర్ అనేది వచ్చి ముక్కలను వరసగా పేర్చి, ఒకదానికొకటి ఎంత దూరమో లెక్కగట్టి ఆ ఖాళీలు పూడుస్తుంది. పలకల వెనక రెండు, అయిదు రాసిన మా నాయన అన్నమాట. కానీ ఈ సంసారం మొత్తం చివరికి ఏ చోటులో దిగుతుందో లింకరుకూ తెలియదు. ఆ బిళ్ల ఎక్కించేటప్పుడే చేతికొస్తుంది. అందుకని "ఫలానా ఫలానా చోట్ల బిళ్ల నెంబరు కలుపుకో" అని ఫైలు మొదట్లో పట్టీ పెట్టి పంపుతుంది. ఉన్నచోటినుంచి ఇంత దూరం దూకు అనే ఆజ్ఞలకు పట్టీ అక్కర్లేదు. మొదటి తెర అందుకే బాగా వచ్చింది, అదంతా ఒకే ముక్కలో ఉంది. మీట నొక్కగానే వేరే ముక్కను చోటు నెంబరుతో పిలవాలి. అక్కడ పడిపోయింది.

సరే, అర్థమైంది. ఇప్పుడు ఏం చెప్పాలి? నిజం చెప్పాలంటే నాకు బస్సులో ముందు తోచింది నిజం కాదు. కరెంటు హెచ్చుతగ్గులు అని రాసేస్తే? ఆ రోజుల్లో కరెంటు మీద ఏ నింద వేసినా ఎవరూ కాదనేవాళ్లు కాదు. ఓనరు పరువు, నా పరువు, రెండూ దక్కుతాయి. ఆ బేరం కుప్పం బస్టాండు దాకా నాలో నాకే నడిచింది. అయితే కరెంటు అనగానే స్టెబిలైజరు ఎవరు చూసుకోలేదు అంటారు. చూసుకోవాల్సింది ఆపరేటరు. తిరిగి తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది.

మార్కెట్లో వేలం జరుగుతోంది. ఆపరేటరమ్మ చేత్తో చీటీలు రాస్తోంది, తెలుగు ఒక వైపు, తమిళం ఒక వైపు. పక్కనే కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. "కాయితం రాసేదానికి వచ్చినారా సార్?" అంది. ఏడుపు లేదు ఆ గొంతులో. నోటుపుస్తకం మాత్రం నా ముందుకు తోసింది. "రాసేముందర ఇదొకతూరి సూడండి."

గుడ్డ తీసి, ముందు ఆమె తమిళ ప్రోగ్రాంను ఎక్కించమన్నాను. తర్వాత తమిళం ఫ్లాపీ తీసేసి, నా సంచిలోంచి పట్టీ కోయని పాత ఫ్లాపీ తీసి రెండో అరలో పెట్టాను; కంప్యూటరును నిద్రలేపే సరంజామా దీంట్లో లేదు గనక పట్టీతో సహా ఇమిడింది. సూపరింటెండెంటు గారు వచ్చి వెనక నిలబడ్డారు. మొదటి తెర వచ్చింది. మీట నొక్కాను. ప్రింటరు కదిలింది. తెలుగు అచ్చు కాగానే ఆపరేటరమ్మ తమిళాన్ని పిలిచి పేరు టైపు చేసింది. తెలుగు చీటీ. దాని కింద తమిళంలో అదే పేరు.

"తప్పు నాది సార్" అన్నాను. "ఫ్లాపీలో చోటు చాలక ఒక పట్టీ కోసేసినా. ఆయమ్మ సేసిందాంట్లో తప్పు ఏమీ లేదు. ఆమె తమిళం ఎక్కించకుండా ఉంటే ఈ తప్పు ఎప్పటికీ బయటపడేది గాదు."

"ఎంత చోటు చాలలేదు?"

"మూడు కిలోబైట్లు."

ఆయన బయట తూకం వైపు చూశారు. "మూడు కిలోలకా ఇంత రచ్చ?" అన్నారు.

ఇక అసలు చిక్కు మిగిలింది. పట్టీ ఉంటే ఒక్క ఫ్లాపీలో ఇమడదు. రెండో అర తమిళానిది, రోజూ ఫ్లాపీలు తీసి పెట్టే పని ఆమెకు పెట్టకూడదంటే నాది ఒక్కటిగానే ఉండాలి. ఏది తీయాలి? నేను అక్షరాల బొమ్మలన్నీ తెర మీద వేసి గొణుక్కుంటుంటే ఆపరేటరమ్మ నా భుజం మీదుగా చూసింది.

"సార్, ఈ ఌ తో ఎవురికన్నా పేరుండాదా?"

"లేదనుకుంటా."

"దీర్ఘం గూడా ఉండాదే! ఈ ఙ కు గుడి, కొమ్ము, ఏత్వం అన్నీ గీసినారు. యాల సార్? ఈ రైతుల్లో ఙీ అప్ప ఎవురన్నా ఉండాడా?"

తీసేస్తే మూడు కిలోబైట్లకు పైనే మిగిలింది. నేను ఇన్ని రోజులు అక్కర్లేనివి కాపాడి అక్కరొచ్చేది కోసుకున్నాను. వ్యాపారస్తుల ఇంట్లో పుట్టింది నేను, బేరం తెలిసింది ఆమెకు.

సాయంత్రం వేలంలో పిలుపు తప్పినవాళ్లు లేరు. సూపరింటెండెంటు గారు అడిగిన కాయితం అడిగినట్టే రాశాను, పేరు మాత్రం మార్చి. తప్పు ప్రోగ్రాం రాసినవాడిది, ఆపరేటరు దాన్ని కనిపెట్టి చెప్పింది, ఆమెను తీసేయవలసిన కారణమేదీ లేదు. మా ఆఫీసు కాయితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన చదివి, తల ఊపి, ఫైల్లో పెట్టమని ఆమెకే ఇచ్చారు.

ఆమె కింది దాకా చదివింది. చదివి, వేలు ఒకచోట ఆనించి నవ్వు ఆపుకుంది.

"సార్, ఇది సూడండి."

సంతకం పక్కన "స్థలం: మదనపల్లె" అని ఉంది. నేను రాసింది కాదు, అచ్చువేసింది. ప్రతిసారీ రాసే పని తప్పుతుందని, మా ఆఫీసు కాయితాల మీద దాన్ని అచ్చు వేయించింది నేనే.

ఆమె పెన్ను నా చేతికిచ్చింది. "ఇప్పుడు మీరుండేది ఈడ."

కొట్టేసి, కుప్పం అని రాశాను.